నాలుగో జాము: గుంటలో ఆక్సిజన్ తగ్గే వేళే మెదడూ ఎందుకు మందగిస్తుంది?

రొయ్యల సాగు తెలిసిన వాళ్లెవరినడిగినా చెబుతారు, గుంటకు గండం రాత్రి నాలుగో జాములోనే అని. పగలంతా నీళ్లలో తేలే ప్లాంక్టన్ అనే సూక్ష్మజీవరాశి ఎండను వాడుకుని ఆక్సిజన్ వదులుతుంది. పొద్దుగూకాక అదే ప్లాంక్టన్, దానితోపాటు రొయ్యలు, అడుగు బురదలోని బాక్టీరియా కలిసి ఆ నిల్వను ఖర్చు చేస్తూ పోతాయి. 30 డిగ్రీల వేడి, 20 పీపీటీ (వెయ్యికి 20 పాళ్లు) ఉప్పదనం ఉన్న నీళ్లు గాలి నుంచి పట్టుకోగలిగేది లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే. సాయంత్రం నాలుగింటికి దానికి మించి కనబడిన డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలత), తెల్లవారుజామున నాలుగు దాటేసరికి 3 కిందికి జారిపోవచ్చు. 4 పైన ఉంటే నిశ్చింత. 3 దిగితే రొయ్య మేత మానుకుంటుంది. 2 దిగితే గట్టు వారకు చేరి పైకి తేలుతుంది. అప్పటికి చేతిలో ఉన్న సమయం నిమిషాల లెక్కే.

కొత్తపట్నం నుంచి విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు దాకా తీరం పొడవునా ఆ వేళకు గట్టు మీద ఒక మనిషి మేలుకుని ఉంటాడు. అతని చేతిలో టార్చి, జేబులో ఫోను, పక్కన జనరేటర్ షెడ్డు. సరిగ్గా అప్పుడే అతని ఒంటి వేడి రోజు మొత్తంలో అతి తక్కువకు పడిపోయి ఉంటుంది. చూపు నుంచి చేతికి కబురు అందే వేగం తగ్గుతుంది, ఒకసారి చదివిన అంకె మనసులో నిలవదు. నీళ్లలోని ఆక్సిజన్ రేఖను, మనిషి చురుకుదనం రేఖను ఒకే కాగితం మీద గీస్తే రెండూ దాదాపు ఒకే వేళకు అడుగుకు దిగుతాయి. రెండింటినీ నడిపేది సూర్యుడే కాబట్టి ఇది కాకతాళీయం కాదు. గుంట గురించి రైతుకు ఉన్నంత అవగాహన, గుంటను కాచే మెదడు గురించి ఎవరికీ లేకపోవడమే ఇక్కడ ఇబ్బంది. గత పాతికేళ్ల పరిశోధన ఆ లోటును చాలావరకు పూడ్చింది.

రెండు లెక్కలు కలిసే గంట

నిద్రను రెండు వేర్వేరు లెక్కలు నడుపుతాయని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించారు. నేటికీ నిద్ర పరిశోధనకు అదే పునాది. మొదటిది అప్పు లెక్క. మేలుకున్న ప్రతి గంటా నాడీకణాలు ఏటీపీ అనే ఇంధనాన్ని ఖర్చు చేస్తాయి, దాని నుంచి అడెనోసిన్ అనే రసాయనం పోగుపడుతుంది. పోగుపడే కొద్దీ మెలకువను నిలిపే కణాలు అణగిపోతాయి. నిద్రపోతేనే ఆ అప్పు తీరుతుంది. రెండోది గడియారం లెక్క. కంటి నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన, బియ్యపు గింజంత జాగాలో సుమారు 20,000 నాడీకణాల గుంపు ఉంది. ఎవరూ సరిచేయకుండా వదిలేస్తే మనిషిలో అది సగటున 24 గంటల 10 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది. కంటి వెనక పొరలో బొమ్మను చూడటానికి కాక వెలుతురును కొలవడానికే ఉన్న కణాలు రోజూ దాన్ని సూర్యుడితో కలుపుతాయి. ఈ కణాలను 2002లో గుర్తించారు. నీలి వెలుగుకు అవి ఎక్కువగా స్పందిస్తాయి. కణాల లోపల ఈ గడియారం ఏ జన్యువులతో తిరుగుతుందో పండ్ల ఈగల్లో తేల్చిన హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది.

పగలు ఈ రెండు లెక్కలూ ఒకదానికొకటి ఎదురు లాగుతాయి. సాయంత్రానికి అప్పు పెరిగినా గడియారం మెలకువ వైపు గట్టిగా నెడుతుంది కాబట్టి ఏడెనిమిది గంటల వేళ మనిషి చురుగ్గానే ఉంటాడు. రాత్రి పది దాటాక గడియారం చెయ్యి వదులుతుంది. మామూలుగా ఆరున్నరకు లేచే మనిషికి, లేవడానికి రెండు మూడు గంటల ముందు, అంటే మూడున్నర నాలుగున్నర మధ్య, అది అడుగుకు చేరుతుంది. ఆ రాత్రి నిద్రపోని వాడికి అప్పటికి అప్పు కూడా పేరుకుని ఉంటుంది. రెండు దెబ్బలూ ఒకేసారి పడేది అప్పుడే.

పొద్దున ఎనిమిదింటికి అదే మనిషి "ఇప్పుడు తేరుకున్నాను, పర్లేదు" అంటాడు. గడియారం మళ్లీ పైకి తిరగడం వల్ల అలా అనిపిస్తుందే తప్ప అడెనోసిన్ అప్పు కాస్తయినా తీరలేదు. రాత్రి కాపలా ముగించి బైకు మీద ఇంటికి బయలుదేరే వాళ్లను ముంచేది ఈ భ్రమే.

కళ్లు తెరిచే ఉంటాయి

నిద్ర, మెలకువ అనేవి స్విచ్చు వేసినట్టు మెదడంతటికీ ఒకేసారి మారతాయని చాలాకాలం అనుకున్నారు. 2011లో ఎలుకల మీద జరిగిన పరిశోధన ఆ ఊహను తిప్పికొట్టింది. ఎక్కువసేపు నిద్రపోనివ్వని ఎలుకలు కళ్లు తెరుచుకుని, తిరుగుతూ, మేలుకునే ఉన్నాయి. అయినా వాటి మెదడు పొరలో కొన్ని కణాలు గాఢనిద్రలో లాగా ఉండుండి మూగబోయాయి, పక్క కణాలు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి. చక్కెర గుళికను ముందుకాలితో అందుకునే పనిలో ఉన్నప్పుడు ఆ కదలికకు సంబంధించిన చోట కణాలు మూగబోతే ఎలుక గుళికను జారవిడిచేది. ఎలుక మేలుకునే ఉంది, నిద్రపోయింది మాత్రం ఆ పని చేయాల్సిన భాగం.

మనుషుల్లో ఇదే సంగతి 2017లో తేలింది. మూర్ఛ చికిత్స కోసం మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చిన 12 మంది రోగులు రాత్రంతా మేలుకుని, తెర మీద కనబడే బొమ్మలను వర్గాలుగా విడదీశారు. తడబడిన సందర్భాల్లో, ఆ తప్పుకు ముందే, బొమ్మను గుర్తించే కణాలు ఆలస్యంగా, బలహీనంగా, చెదిరినట్టు స్పందించాయి. బొమ్మ కంటిలో పడింది, కానీ లోపలికి ఆలస్యంగా చేరింది. డీవో మీటరులో 2.8 చూసి 3.8 అని పుస్తకంలో రాసే మనిషి అబద్ధం ఆడటం లేదు, ఒళ్లు బద్ధకమూ కాదు. చూడటానికీ రాయడానికీ మధ్య ఒక చిన్న భాగం కునుకు తీసింది, అంతే.

2025లో అమెరికాలోని ఎంఐటీ నుంచి వచ్చిన పరిశోధన దీన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లింది. 26 మందిని ఒకసారి నిద్ర బాగా పోయాక, ఇంకోసారి రాత్రంతా మేలుకున్నాక ఎంఆర్ఐ యంత్రంలో ఉంచి ధ్యాసకు పరీక్ష పెట్టారు. నిద్రలేని మనిషి ధ్యాస తప్పిన క్షణాల్లో మెదడు చుట్టూ ఉండే ద్రవం అల లాగా బయటికి కదిలింది, ధ్యాస తిరిగి వచ్చేటప్పుడు లోపలికి మళ్లింది. మామూలుగా ఇలాంటి పెద్ద అలలు గాఢనిద్రలో సుమారు 20 సెకన్లకొకటి వస్తాయని 2019లోనే గమనించారు. అంటే నిద్రకు నోచుకోని మెదడు, నిద్రలో జరగాల్సిన పనిని మెలకువ మధ్యలోనే దొంగతనంగా చేసుకుంటున్నట్టు కనిపిస్తోంది. ఆ ద్రవం కదలడానికి సుమారు 12 సెకన్ల ముందే కంటిపాప చిన్నదైంది, గుండె వేగం, ఊపిరి నెమ్మదించాయి. ఇదంతా ఒళ్లంతా కలిసి చేసే పని. "గట్టిగా అనుకుంటే మేలుకోవచ్చు" అనే మాటకు ఇక్కడ తావే లేదు.

ఒళ్లు చెప్పే మాట నమ్మకూడదు

రొయ్యల పంట ఒక రాత్రిది కాదు, సుమారు 120 రోజులది. అరవై రోజులు దాటాక గుంటలో రొయ్యల బరువు పెరుగుతూ పోతుంది, ఆక్సిజన్ ఖర్చు కూడా. 400 నుంచి 500 కిలోల రొయ్యకు ఒక హార్స్‌పవర్ ఏరేటర్ (నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రం) ఉండాలన్న లెక్క అప్పటికి బిగుసుకుంటుంది. గుంటను కాచే మనిషికి నిద్ర అప్పు కూడా ఆ నెలల్లోనే బిగుసుకుంటుంది. రోజూ రాత్రి కాస్త కాస్త తగ్గించుకుంటే ఏమవుతుందో 2003లో పెన్సిల్వేనియాలో 48 మంది మీద చూశారు. 14 రోజులపాటు ఆరు గంటలు, అంతకన్నా తక్కువ పడుకున్న వాళ్ల ధ్యాస, జ్ఞాపకం క్రమంగా క్షీణించి, ఒకటి రెండు రాత్రులు అసలే నిద్రపోని వాళ్ల స్థాయికి పడిపోయాయి. మొదటి కొన్ని రోజుల తర్వాత వాళ్లకు నిద్ర మత్తు పెద్దగా పెరిగినట్టు అనిపించలేదు. పనితనం మాత్రం రోజురోజుకూ దిగుతూనే ఉంది. అసలు ప్రమాదం ఇదే. "నాకు అలవాటైపోయింది" అనే వాడికి అలవాటైంది మత్తుగా ఉండటమే, మత్తులో పనిచేయడం కాదు.

ఇంకో కొలత కూడా ఉంది. 1997లో ఆస్ట్రేలియాలో చేసిన పోలిక ప్రకారం ఉదయం ఎనిమిదింటి నుంచి మేలుకున్న మనిషి, 17 గంటల తర్వాత, అంటే రాత్రి ఒంటిగంటకు, చెయ్యీ కన్నూ కలిపి చేసే పనిలో రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానంగా తడబడ్డాడు. 24 గంటలకు అది 0.10 శాతానికి సమానమైంది. మన మోటారు వాహనాల చట్టం బండి నడిపేవాడికి పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. ఒంగోలు నుంచి కావలి మీదుగా నెల్లూరు దాకా 16వ నెంబరు జాతీయ రహదారి మీద మూడింటికి నడిచే లారీల్లో చుక్క తాగని డ్రైవర్లలోనూ ఆ హద్దు దాటినంత మత్తులో ఉన్నవాళ్లు ఉండవచ్చు, పట్టుకునే యంత్రమే లేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్ల కునుకు అంటే 89 మీటర్లు బండి దానంతట అదే పోయినట్టు.

నిద్ర ఎందుకు అన్న వివాదం

"నిద్రలో మెదడు తనను తాను కడుక్కుంటుంది" అన్న మాట ఇప్పుడు వాట్సాప్ సందేశాల్లో కూడా తిరుగుతోంది. దీనికి మూలం 2013లో ఎలుకల మీద వచ్చిన పరిశోధన: నిద్రలో కణాల మధ్య ఖాళీ సుమారు 60 శాతం పెరిగిందని, బీటా అమిలాయిడ్ (అల్జీమర్స్‌తో ముడిపడిన ప్రోటీన్) లాంటి వ్యర్థాలు వేగంగా బయటికి పోయాయని అది చెప్పింది. 2018లో మనుషుల్లో ఒక రాత్రి నిద్ర లేకపోతేనే మెదడు లోతు భాగాల్లో అమిలాయిడ్ సుమారు 5 శాతం పెరిగినట్టు కనబడింది. అయితే 2024లో లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం ఎలుకల్లో దీనికి ఎదురు ఫలితం చూపింది: వాళ్లు ఎక్కించిన రంగు పదార్థం నిద్రలో ఇంకా నెమ్మదిగానే బయటికి పోయింది. 2025 ఆరంభంలో మరో బృందం నిద్రలో నోర్‌అడ్రినలిన్ అనే మెదడు రసాయనం ఎగుడుదిగుళ్లతో రక్తనాళాలు ముడుచుకుని వ్యాకోచిస్తూ ద్రవాన్ని పంపులా నెడతాయని, జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర ఆ కదలికను తగ్గిస్తుందని చూపింది. కొలిచే పద్ధతుల మీదే తగాదా ఇంకా నడుస్తోంది. "కడుక్కోవడం" అనేది ఆసక్తికరమైన ఊహే తప్ప ఇంకా తేలిన సత్యం కాదని చెప్పడమే నిజాయితీ. నిద్రమాత్ర వేసుకుని పడుకుంటే అసలు నిద్రతో సమానం అనుకోవడానికి మాత్రం ఇందులో ఏ ఆధారమూ లేదు.

ఆక్సిజన్‌తో బతికే రైతుకు ఇంకా దగ్గరగా తగిలే ఫలితం 2025లోనే ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. పండ్ల ఈగల్లో నిద్రను తెప్పించే కణాలను వాళ్లు చూశారు. మెలకువ సాగేకొద్దీ ఆ కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలకు వాడకానికి మించి ఇంధనం అందుతుంది. ఆక్సిజన్ దగ్గరికి చేరాల్సిన ఎలక్ట్రాన్లు దారిలోనే ఒలికిపోతాయి, మైటోకాండ్రియాలు ముక్కలవుతాయి. ఆ ఒలకడం ఒక స్థాయికి చేరితే ఈగకు నిద్ర ఆపుకోలేనంతగా వస్తుంది. ఆక్సిజన్ పీల్చి బతికే ప్రాణికి నిద్ర దానికి చెల్లించే మూల్యం కావచ్చన్నది వాళ్ల వాదన. ఈగలో తేలింది మనిషిలో తేలాలంటే చాలా దూరం ఉంది, అయినా "నిద్ర వస్తోంది" అనే మాటకు కణంలో ఒక కొలిచే గుర్తు దొరకడం ఒక ముందడుగు.

గట్టు మీద పెట్టుకోదగిన పద్ధతి

మనిషిని మార్చలేం కాబట్టి పనిని అమర్చుకోవాలి. ఇద్దరుంటే ఒకరు రాత్రి ఎనిమిది నుంచి ఒకటిన్నర దాకా, ఇంకొకరు ఒకటిన్నర నుంచి ఏడు దాకా. రెండోవాడు వెంటనే నిద్ర పట్టకపోయినా ఎనిమిదికే పడుకోవాలి, ఒంటిగంటకు లేవాలి. ఆ అరగంట అవసరం, ఎందుకంటే గాఢనిద్రలోంచి లేచిన మెదడు 15 నుంచి 30 నిమిషాల దాకా సరిగా పనిచేయదు, నాలుగో జాము దగ్గర పడేకొద్దీ ఇంకా ఎక్కువసేపు పట్టవచ్చు. మొహం కడిగి, టీ తాగి, గట్టు ఒక చుట్టు తిరిగాకే కాపలా చేతిలోకి తీసుకోవాలి. అర్ధరాత్రి లేపిన క్షణానే జనరేటర్ దగ్గరికి పంపితే తప్పు జరిగే అవకాశం ఎక్కువ. ఒకసారి అమరిన వరుసను కనీసం వారం మార్చకుండా ఉంచాలి, రోజు మార్చి రోజు తిప్పితే ఇద్దరి గడియారాలూ ఎటూ కుదరవు.

ఒక్కడే అయితే సాయంత్రం ఏడింటికి పడుకోమని చెప్పడం వృథా. ఆ వేళ గడియారం మెలకువ వైపు గట్టిగా నెడుతుంది, కన్ను మూతపడదు. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడు దాకా పడుకోవడం తేలిక, ఆ వేళకు సహజంగానే ఒక మందకొడితనం వస్తుంది. ఆ గంటన్నర రాత్రి నాలుగింటికి పనికొస్తుంది.

మధ్యలో కునుకు తీసుకుంటే 20 నిమిషాలు, దానికి మించకూడదు. నాసా దూరప్రయాణ పైలట్లకు 40 నిమిషాలు విరామం ఇస్తే సగటున 26 నిమిషాలు నిద్రపోయి, విమానం దిగే ముందు మెరుగ్గా మేలుకుని ఉన్నారు. టీ ఎప్పుడు తాగాలన్నది కూడా ముఖ్యమే. కెఫీన్ అడెనోసిన్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది, అప్పు తీర్చదు, అప్పుకాగితాన్ని దాస్తుంది. పనిచేయడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, సగం పోవడానికి సుమారు అయిదు గంటలు. అందుకే టీ తాగి వెంటనే 20 నిమిషాలు కన్ను మూస్తే లేచేసరికి రెండూ కలిసి వస్తాయి. ఒక కప్పు టీలో ఉండేది సుమారు 30 నుంచి 50 మిల్లీగ్రాములే కాబట్టి చిన్న గ్లాసుతో పెద్ద మార్పు ఆశించకూడదు. రెండున్నర దాటాక తాగింది పొద్దుటి నిద్రను చెడగొడుతుంది.

డీవో పది, ఒకటిన్నర, మూడున్నర, అయిదింటికి చూడాలి. చూసినది గట్టిగా పలికి, వెంటనే రాసి, ముందటి అంకెతో పోల్చాలి. పలకడం వల్ల చూపు, నోరు, చెవి మూడూ కలుస్తాయి, ఒక భాగం కునికినా ఇంకోటి పట్టుకుంటుంది. ఏ గుంట చూశాడో జ్ఞాపకం లేకపోవడం, ఒక గుంట నుంచి ఇంకో గుంటకు నడిచిన దారి గుర్తు రాకపోవడం, ఒకే వరుసను రెండుసార్లు రాయడం: ఇవి మెదడులో భాగాలు మూగబోతున్న గుర్తులు. అవి కనబడితే మళ్లీ టీ కోసం చూడకుండా ఇంకొకరిని లేపాలి.

కరెంటు పోయినప్పుడు జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే. జనరేటర్ ఎక్కిస్తాడు, అన్ని ఏరేటర్ల స్విచ్చులూ ఒకేసారి వేస్తాడు. మోటారు కదిలే క్షణంలో మామూలు కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది, జనరేటర్ ఆగిపోతుంది. మళ్లీ ఎక్కిస్తాడు, మళ్లీ అన్నీ వేస్తాడు. ఒక రాత్రి నిద్ర లేని మెదడు ఇలా చేయడం 1999లో బ్రిటన్‌లో నమోదైంది. 36 గంటలు మేలుకున్న వాళ్లకు చదివింది బాగానే అర్థమైంది. వ్యాపార ఆటలో పరిస్థితి మారినప్పుడు మాత్రం పని చేయని పాత ఎత్తునే పట్టుకు వేళ్లాడారు. నుదుటి వెనక భాగం అలిసిపోతే మొదట పోయేది దారి మార్చే శక్తి. కాబట్టి దారిని ముందే, పగలే, పెద్ద అక్షరాలతో రాసి షెడ్డు తలుపుకు అంటించాలి: మెయిన్ స్విచ్చు ఆపు, జనరేటర్ ఎక్కించు, వోల్టేజి నిలకడయ్యేదాకా ఆగు, మార్పు స్విచ్చు (లైను నుంచి జనరేటర్‌కు మార్చేది) తిప్పు, ఒక ఏరేటర్, పది లెక్కపెట్టు, తర్వాతది. పంఖా చక్రానికి చిక్కిన నాచు తీయాలంటే ముందు సరఫరా ఆపాలన్నది ఆ కాగితంలో మొదటి వాక్యంగా ఉండాలి. తడిచేతుల ప్రమాదం ఎప్పుడూ ఉన్నదే, నాలుగింటికి చెయ్యి తనంతట తాను ముందుకు పోతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) లేని లైను మీద రాత్రి ఎవరినీ పనిచేయించకూడదు.

కరెంటు పోతే మోగే బ్యాటరీ సైరన్ మనిషి మేలుకుని ఉండటం మీద ఆధారపడదు. డీవో సెన్సారుకు 3.5 దగ్గర హెచ్చరిక పెట్టడం ఇంకా మంచిది, 3 దాకా ఆగితే స్పందనకు సమయం మిగలదు.

షెడ్డు దగ్గర తెల్లటి దీపం రాత్రి మొదటి సగంలో మెలకువను నిలుపుతుంది. పొద్దున పరిస్థితి వేరు. గడియారం అడుగు దాటాక పడే ఎండ దాన్ని ముందుకు జరుపుతుంది, అంటే పగటి మనిషిగా వెనక్కి లాగుతుంది. నెలల తరబడి రాత్రి కాపలా చేసేవాడు ఇంటికి పోయేటప్పుడు టోపీ, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, కిటికీలు దుప్పటితో మూసిన గదిలో పడుకుంటే పగటి నిద్ర ఒక గంట పెరగవచ్చు. అయితే బైకు తనే నడపాల్సి వస్తే కళ్లద్దాలు వద్దు, అవి మత్తును పెంచుతాయి. గట్టు మీదే 20 నిమిషాలు కునుకు తీసి, మరో 20 నిమిషాలు ఆగి బయలుదేరాలి. పగటి షిఫ్టుకు వచ్చిన మనిషి దింపి రాగలిగితే అది ఇంకా మేలు.